ఎనభై నాలుగు పసుపు ముడులు

రాతి వంతెన జెండార్మరీ (గ్రామీణ పోలీసు) ఠాణా. సౌర హిజ్రీ 1352వ సంవత్సరం, మెహర్ నెల 9వ తేదీ, సోమవారం. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలు. రెండో వాంగ్మూలం.

నా పేరు సనంబర్. తండ్రి చనిపోయిన ఇమామ్‌వెర్దీ. కష్కాయీ తెగ, మందలతో తిరిగే సంచారులం. వయసు యాభై నాలుగని రాసుకోండి. మా అమ్మ లెక్క ప్రకారం మిడతలు పడిన ఏడాది పుట్టాను. మిడతలు ఏ ఏడాది పడ్డాయో సర్కారువారికే తెలియాలి. వృత్తి గొర్రెలు, గుడారం, నేత. భర్త లేడు. కొడుకు అయాజ్, అతని భార్యా పిల్లలతో ఉంటాను. చదువు రాదు. ఇది రాస్తున్న జవాను తల్లి మా తెగ మనిషే కాబట్టి నేను మా తుర్కీలో చెబుతున్నాను, అతను రాస్తున్నాడు.

ఈ రోజు పొద్దున తొమ్మిదీ నలభైకి ఇదే బల్ల ముందు మొదటి వాంగ్మూలం ఇచ్చాను. అందులో ఒక మాట అబద్ధం. దాన్ని కొట్టేసి నిజం రాయించడానికి వచ్చాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బతిమాలలేదు. "ఒకసారి వేలిముద్ర పడ్డాక మళ్ళీ ఏంటి పెద్దమ్మా, కాగితాలు చెట్లకి కాస్తాయా?" అని జవాను విసుక్కున్నాడు. కాయకపోయినా రాయమన్నాను.

ఫిర్యాదు ఒక తివాచీ గురించి. దాన్ని మా అమ్మ తూతీ మొదలుపెట్టింది. నీలం నేల, దాని మీద మేకలు. పోయిన చలికాలం దిగువ మకాంలో సగం వరకు నేసింది. అప్పటికే ఆమె రెండు కళ్ళకూ తెల్లపొర వచ్చింది. ఉన్నిని చేత్తో తడిమి, ఇది నీలం, ఇది తెలుపు అని చెప్పేది, తప్పేది కాదు. కాళ్ళ దగ్గర మాత్రం తప్పింది. చివరి వరసలో మూడు మేకలకు అయిదేసి కాళ్ళు పెట్టింది.

"అమ్మా, ఈ మేకకి అయిదు కాళ్ళు వచ్చాయే," అన్నాను.

"అది పరిగెత్తుతోందే! పరిగెత్తే మేక కాళ్ళు నువ్వెప్పుడైనా లెక్కపెట్టావా?" అంది.

ఆ మూడో మేక కొమ్ములు వేసిన మర్నాడు మంచం పట్టింది. ఆ చలికాలంలోనే, బహ్మన్ నెల 14న పోయింది. పోయే ముందు నాకు చెప్పిన మాట ఇది. "దాన్ని నువ్వు పూర్తిచెయ్యి. చేశాక మడిచి సంచిలో పెట్టకు. పరుచుకుని కూర్చో. నా మీద కూర్చున్నా నాకేం నొప్పి పుట్టదులే." ఆ అయిదు కాళ్ళను నేను విప్పలేదు. విప్పాలని అనిపించనేలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు.

ఈ ఠాణా అధికారి, సర్కారువారు, పట్నం మనిషి కాబట్టి ఒక సంగతి చెప్పాలి. మా మగ్గానికి గోడ ఉండదు, గది ఉండదు. నేల మీద నాలుగు మేకులకు కట్టి, దాని ముందు కూర్చుని నేస్తాం. మకాం ఎత్తేటప్పుడు మేకులు పీకి, నేసినంత వరకు కర్రకు చుట్టి గాడిద మీద వేస్తాం. దిగినచోట మళ్ళీ మేకులు కొడతాం. అందుకే మా తివాచీలు ఒకచోట వెడల్పు, ఒకచోట సన్నం. బజారు వాళ్ళు దాన్ని వంకర అంటారు. అది వంకర కాదు, మేము నడిచిన దారి.

వసంతం మొదట్లో, ఫర్వర్దీన్ నెల 19, ఆదివారం, పొద్దున పది గంటల ప్రాంతంలో, ఎగువ మకాంకు పోతూ ఏరు దాటాం. వరద ఎక్కువగా ఉంది. మా వాళ్ళూ, మా తెగలోనే వేరే పాయ వాళ్ళూ ఒకే రేవులో పడ్డారు. బరువులన్నీ దించి, గాడిదలను ఖాళీగా ఈదించి, అవతలి ఒడ్డున మళ్ళీ ఎక్కించాం. మగ్గం చుట్టలు అందరివీ నల్ల మేకవెంట్రుకల గుడ్డలోనే చుట్టి ఉంటాయి. మా అయాజ్ ఒక చుట్ట ఎత్తి మా గాడిద మీద వేశాడు. వాడు మనసు మంచివాడే, చూపే కొంచెం తక్కువ. వాళ్ళ అమ్మమ్మ పోలిక.

మూడు రోజులకు మకాం దిగి మేకులు కొట్టి చుట్ట విప్పాను. నీలం ఉండాల్సిన చోట ఎరుపు. మేకలు లేవు. మా అమ్మ లేదు. అక్కడే కూలబడ్డాను. అయాజ్‌ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయించను.

పదకొండు రోజులు దారిన పోయే ప్రతి మందనూ ఆపి అడిగించాం. అందరూ తెలియదన్నారు. మా ఇళ్ళలో ఒక నమ్మకం ఉంది. సగం నేసిన మగ్గాన్ని ఎండాకాలమంతా ఊరికే వదిలేస్తే మొదలుపెట్టిన మనిషి చేతికి కీడు. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. తెలియకపోయినా కీడు కోరలేను. పైగా అమ్మ పోయాక నా చేతులు ఊరుకోలేకపోయాయి. అందుకని నేయడానికి కూర్చున్నాను.

ఇప్పటివరకు చెప్పింది పొద్దున కూడా చెప్పాను. ఇకమీద చెప్పేది పొద్దున చెప్పలేదు.

ఆ ఎర్ర తివాచీలో నేత ఆగిన చోట, చివరి పన్నెండు వరసల్లో, అరచేయంత మేర పసుపు ఉంది. వరసకు ఏడు ముడులు. పువ్వు కాదు, పిట్ట కాదు, ఏ బొమ్మా కాదు. ఎర్రటి నేల మధ్య ఊరికే ఒక పసుపు. ఎవరో పిల్ల ఎర్ర ఉన్ని అయిపోయి చేతికందింది వేసేసిందనుకున్నాను. "చూడవే దీని పని, ఎసట్లో బియ్యం చాలక గులకరాళ్ళు వేసినట్టుంది," అని కోడలికి చూపించి నవ్వాను. ఆ నవ్వు కూడా రాయండి.

ఆ పసుపు ఉన్ని మెలికలు మెలికలుగా ఉంది. ఒకసారి అల్లి విప్పిన ఉన్ని అలా ఉంటుంది. నలభై ఏళ్ళుగా ఉన్ని నా వేళ్ళ మధ్య ఉంది. ఇది అంతకు ముందు ఇంకేదో వస్తువుగా ఉండేదని నా వేళ్ళకు తెలిసింది. తెలిసి కూడా నేను ఆలోచించలేదు. ఆ తర్వాతి నెల, ఉర్దిబెహెష్త్ 12న, పొద్దున పాలు తీశాక, కత్తి మొనతో ఆ పసుపు ముడులన్నీ ఒక్కొక్కటే లాగేసి వాటి చోట ఎర్రవి వేశాను. మధ్యాహ్నానికి పని అయిపోయింది. చాలా బాగా చేశాను. ఎక్కడ తీశానో నేను చూపిస్తే తప్ప ఎవరికీ కనిపించదు.

ఉన్నిని మేము పారేయం. ఆ పసుపు పోగులను చిన్న సంచిలో వేసి నడుముకు కట్టుకున్నాను. కొన్నిటిని మా గాడిదకు దిష్టి తగలకుండా నుదుటి కుచ్చులో కలిపి కట్టాను. ఆ గాడిదకు ఎవరి దిష్టి తగులుతుందని అడగకండి, మాకు అది ముద్దే.

ఎండాకాలం చివర్లో, మొర్దాద్ నెలాఖరుకు ఎర్ర తివాచీ పూర్తయింది. సొంతదారు కనిపిస్తే ఇచ్చేయాలనే గాడిద మీద పెట్టుకుని తిరిగాను. ఈ మాట పొద్దున చెప్పాను, ఇది నిజమే.

ఈ రోజు పొద్దున ఏడున్నరకు, దిగువ మకాంకు తిరిగి వెళ్తూ, వంతెనకు ఇవతల మా మంద ఆగింది. అయాజ్ పరిగెత్తుకుని వచ్చాడు. "అమ్మా! అమ్మమ్మ తివాచీ! అక్కడెవరో గుర్రం మీద పరిచారు!" అన్నాడు. వెళ్ళాను. నీలం నేల, మేకలు. దాని అంచు రెండు చేతులా పట్టుకుని లాగాను. పక్కన పాతికేళ్ళ పిల్ల నిలబడి ఉంది. పేరు పరీజాన్ అని తర్వాత తెలిసింది. "దొంగదానా!" అన్నాను. ఆ పిల్ల మొహం విప్పారింది. "పెద్దమ్మా, ఈ మేకలు నీవేనా?" అంది. వెతుకుతున్న మనిషి దొరికిన సంతోషంతో అంది. అప్పుడు నాకు ఆ సంతోషం వినబడలేదు. ఆమె భర్త హమ్జా అరిచాడు, మా అయాజ్ అతని కాలరు పట్టుకున్నాడు, ఒక గుండీ ఊడింది. ఎనిమిదీ పావుకు జవాన్లు అందరినీ ఇక్కడికి తోలుకొచ్చారు.

సర్కారువారు రెండు తివాచీలనూ వసారాలో పరవమన్నారు. రెండు పక్షాలూ ఒక్కటే కథ చెప్పాయి. వాళ్ళూ రేవులో చుట్ట మారిందనే అన్నారు, వాళ్ళూ కనిపించిన వాళ్ళనల్లా అడిగామనే అన్నారు. సర్కారువారు నవ్వి, "అయితే దొంగ ఆ ఏరే. దాన్ని పట్టుకొచ్చి లాకప్‌లో పెట్టమంటారా?" అన్నారు. ఎవరిది వాళ్ళు తీసుకుపొమ్మన్నారు. అంతటితో అయిపోవలసింది.

పరీజాన్ ఎర్ర తివాచీ మీద మోకాళ్ళ మీద కూర్చుంది. నడిమి భాగంలో అరచెయ్యి పెట్టి అటూ ఇటూ తడిమింది. వెనక్కి తిప్పి చూసింది. మళ్ళీ ముందుకు తిప్పింది.

"ఇక్కడ పసుపు ఉండాలి," అంది.

"తివాచీ దొరికింది కదా, ఇంకా పసుపేంటి, లే," అన్నాడు హమ్జా.

"వాడి టోపీ, హమ్జా. బైరామ్ టోపీ విప్పి ఇక్కడే కదా వేశాను."

హమ్జా తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. వాళ్ళ కొడుకు బైరామ్ ఏడు నెలల పిల్లాడట. పోయిన చలికాలంలోనే, మా అమ్మ పోయిన నెలలోనే, దగ్గొచ్చి పోయాడట. వాడికి దానిమ్మ తొక్క రంగు వేసి ఆమే అల్లిన టోపీ అది. దిగువ మకాంలో వాడిని మట్టిలో పెట్టి ఎగువకు బయలుదేరేముందు, మేకులు పీకేముందు, ఆ టోపీ విప్పి తివాచీలో ముడులు వేసింది. వాడిని అక్కడ వదిలేయకుండా తనతో ఎగువకు తెచ్చుకుందామనుకుంది.

సర్కారువారు నన్ను అడిగారు. "ఏమ్మా, నువ్వేమైనా తీశావా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నడుముకున్న సంచి మీదికి పోయింది. ఎవరూ గమనించలేదు. "నేను పైన నేశానే గానీ కింద ఏదీ ముట్టుకోలేదు. అక్కడ పసుపే లేదు," అన్నాను. ఇదే ఆ అబద్ధం. ఇది మొదటి వాంగ్మూలం రెండో కాగితంలో ఉంది.

ఆ పిల్ల నాతో పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే నేను ఈపాటికి ఆరు కోసుల దూరంలో ఉండేదాన్ని. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే నేనే వెయ్యలేదేమో. వేశాననుకున్నానేమో. అప్పుడు నాకు ఒంటి మీద తెలివి లేదులే, పెద్దమ్మా," అంది. తివాచీ తనే చుట్టుకుంది.

ఆ మాట విని కూడా నేను వేలిముద్ర వేశాను.

మధ్యాహ్నం పన్నెండుకు వంతెన కింద మా వాళ్ళు రొట్టె, మజ్జిగ పెట్టారు. మా అమ్మ చెప్పినట్టు ఆమె తివాచీ పరుచుకుని మొదటిసారి దాని మీద కూర్చున్నాను. ముందు మా అమ్మ వేసిన సగం చూశాను. ఆ మూడు మేకలను చేత్తో తడిమాను. తర్వాత పైసగం చూశాను. అది పరీజాన్ నేసింది. ఆమె నేసిన మేకలు ఇరవై రెండు. ఇరవై రెండింటికీ అయిదేసి కాళ్ళు ఉన్నాయి. రొట్టె నోట్లో ఉండగా లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. రొట్టె పక్కన పెట్టి లేచాను.

ఆమె వాళ్ళ గుర్రం దగ్గర బొక్కెనతో నీళ్ళు పెడుతోంది. వెళ్ళి అడిగాను.

"పిల్లా, మేకలకి అయిదు కాళ్ళెందుకు వేశావు?"

"నువ్వు వేసినట్టే వేశాను. తప్పా?"

"లోకంలో మేకకి ఎన్ని కాళ్ళుంటాయి?"

"నాలుగే. కానీ నువ్వు అయిదు పెట్టావంటే ఏదో ఉంటుంది కదా, పెద్దమ్మా. మనిషిని ఎరగను, మనసు ఎరగను. ఇంకొకళ్ళ తివాచీ దిద్దడానికి నేనెవర్ని?"

అది మా అమ్మ వేసిందనీ, ఆమెకు కళ్ళు కనపడేవి కాదనీ చెప్పాను. పరీజాన్ నవ్వింది. "అయితే నేనూ మీ అమ్మ దగ్గరే నేర్చుకున్నట్టు," అంది. చెప్పాల్సిన మాట అక్కడ చెప్పలేకపోయాను. నేరుగా ఠాణాకు వచ్చాను. అయాజ్ వెనకాలే వచ్చి, "ఇప్పుడెందుకమ్మా, ఎవరిది వాళ్ళకి చేరింది, పోదాం పద," అన్నాడు. చేరలేదురా అన్నాను.

నా నోరు మంచిది కాదు, ఆ సంగతి మా మందలో కుక్కలకు కూడా తెలుసు. కానీ అబద్ధాలాడే నోరు కాదు. మా అమ్మ తప్పును ముద్దుచేశాను. పరాయి పిల్ల దుఃఖాన్ని తప్పనుకుని పీకేశాను. అది చాలక, ఆ పిల్ల తన కొడుకును తివాచీలో పెట్టుకున్న మాటే అబద్ధమని ఆమెనే నమ్మేలా చేశాను. ఈ మూడో దానికి ఏ శిక్ష ఉందో సర్కారువారు చూసి చెప్పాలి. నా వైపు నుంచి ఒకటి కోరుతున్నాను. మా అమ్మ తివాచీని పరీజాన్‌కు ఇప్పించండి. నా దగ్గర అంతకు మించింది లేదు.

సంచిని బల్ల మీద పెట్టాను. రాసింది నాకు చదివి వినిపించనక్కర్లేదు. నేను చెప్పింది నాకు తెలుసు. పరీజాన్‌ను పిలిచి ఆమెకు చదివి వినిపించండి. నేను గోడ వైపు తిరిగి నిలబడతాను.

ఇకమీద రాసింది అదే రోజు సాయంత్రం నాలుగున్నరకు నేను చెప్పగా ఇందులోనే చేర్చింది.

జవాను ఆమెకు మొత్తం చదివి వినిపించాడు. మధ్యలో ఒకచోట ఆగి ముక్కు తుడుచుకున్నాడు. ఈ మాట రాయనంటున్నాడు, నేను రాయమన్నాను. చదవడం అయ్యేసరికి సర్కారువారు నా ముందు పెట్టించిన టీ చల్లారిపోయింది.

"వేశానన్నమాట. నేను వేశాను," అంది పరీజాన్. అదే మాట మూడుసార్లు అంది. హమ్జాతో ఒకసారి, సర్కారువారితో ఒకసారి, తనలో తాను ఒకసారి.

తర్వాత నా దగ్గరకు వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా నేను కదలకూడదనుకున్నాను.

"మీ అమ్మని నాకెందుకిస్తావు పెద్దమ్మా? నాకు అమ్మ ఉంది. నా బైరామ్‌ని నాకియ్యి."

సంచి ఆమె చేతిలో పెట్టాను. వసారాలో ఎర్ర తివాచీ పరిచి పోగులు దాని మీద పోసింది. వేలితో వేరుచేసి లెక్కపెట్టాం. డెబ్భై రెండు. ఉండాల్సినవి ఎనభై నాలుగు.

"మిగతావేవి?" అంది.

"గాడిద మొహాన ఉన్నాయి," అన్నాను.

ఆమె నా మొహం చూసింది. నవ్వొచ్చి ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. హమ్జాకూ నవ్వొచ్చింది. అయాజ్ వెళ్ళి గాడిదను వసారా మెట్ల దాకా తీసుకొచ్చాడు. దాని కుచ్చు విప్పితే పదకొండు దొరికాయి. గాడిద ఠాణా మెట్ల మీద పేడ వేసింది. దాన్ని నేనే ఎత్తాను.

సర్కారువారు సూది, కత్తి ఇప్పించారు. ఎక్కడ ఏ ముడి ఉందో నాకొక్కదానికే తెలుసు కాబట్టి నేను ఎర్రవి తీశాను. ఆమె పసుపువి వేసింది. నేను తియ్యడం, ఆమె వెయ్యడం. ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. గంటకు పైగా పట్టింది. మధ్యలో ఆమె వాడి సంగతులు చెప్పింది. వాడికి అప్పుడే రెండు పళ్ళు వచ్చాయట. టోపీ పెడితే పీకి పారేసేవాడట. నేను మా అమ్మ సంగతులు చెప్పాను. జవాను రెండుసార్లు టీ తెచ్చాడు.

చివరికి ఒక ముడి తక్కువైంది. సంచి తిరగేసి దులిపాం. మెట్లు చూశాం. గాడిద మొహం మళ్ళీ చూశాం. దొరకలేదు. దోవలో ఎక్కడ రాలిందో తెలియదు. అప్పటికే నా కత్తి మొన ఆ చివరి ఎర్ర ముడి మీద ఉంది. దాన్ని తీసి ఖాళీ ఉంచాలా, మా దానిమ్మ తొక్క రంగు వేసి కొత్త పోగు పెట్టాలా అని అడిగాను. పరీజాన్ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది తియ్యకు. ఆ ఒక్కటీ నీ ఎరుపే ఉండనీ. ఎండాకాలమంతా వాడి పక్కన కూర్చున్నది నువ్వే కదా."

నేను కత్తి పక్కన పెట్టాను. దానికి ఏమన్నావని రాయాలి అని జవాను అడిగాడు. కత్తి పక్కన పెట్టిందని రాయమన్నాను.

నా ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నాను. మా అమ్మ తివాచీ నా దగ్గర ఉంది. పరీజాన్ తివాచీ ఆమె దగ్గర ఉంది. వచ్చే వసంతంలో ఏరు దాటేటప్పుడు మా రెండు పాయలవాళ్ళం ఒకే రోజు దాటాలని హమ్జా, అయాజ్ చెయ్యి కలుపుకున్నారు. చుట్టలు ఈసారి చూసి ఎక్కిస్తామన్నారు. ఊడిన గుండీ నేను కుట్టాను.

పొద్దున చెప్పినదాంట్లో కొట్టేయాల్సింది కొట్టేశారు. ఇప్పుడు చెప్పినదాంట్లో కొట్టేయాల్సింది ఏదీ లేదు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. తెలివిలో ఉండి, నా నోటితో నేను చెప్పాను. ఇది నిజం.

నా బొటనవేలు కాగితం మీద సరిగా పడటం లేదని, గీతలు కనిపించడం లేదని జవాను మూడుసార్లు సిరా రాశాడు. ముడి వేసే వేలికి గీతలు ఉండవు నాయనా, అవన్నీ తివాచీల్లోకి పోయాయి అన్నాను. అయినా వేశాను. పక్కన పరీజాన్ కూడా వేసింది. ఆమె వేయాల్సిన పని లేదని సర్కారువారు చెప్పారు. చెప్పేలోపే వేసింది.

సనంబర్, ఎడమ బొటనవేలి ముద్ర.
పరీజాన్, ఎడమ బొటనవేలి ముద్ర.